కాజాలమ్మ చెప్పలేకపోయిన జవాబులు

"వీడికి మాటలు రాకుండానే ఉండిపోతే, దేవుడి ముందు ఏమని చెప్పుకుంటాడు అత్తయ్యా?"

కోడలు ఈ మాట అనేసరికి కాజాలమ్మ గిన్నెలు తుడుస్తోంది. నాలుగేళ్లు నిండిన మనవడు మంచం కింద దూరి కూర్చున్నాడు. అప్పటిదాకా తల్లి వాడి ముందు బైబిలు బొమ్మల అట్టలు పరిచి, "ఎవరు నాన్నా? యేసయ్య. అను, యే-స-య్య" అంటూ వాడి ప్రాణం తోడేసింది. వాడు నోరు విప్పలేదు సరికదా, బొమ్మల పెట్టె కనిపిస్తే చాలు మాయమైపోవడం నేర్చాడు.

కోడలిది నీటి పరీక్షల ప్రయోగశాలలో ఉద్యోగం. నీళ్లలో ఏది ఎంతవరకు ఉండొచ్చో, ఎంత దాటితే పారబోయాలో ఆమెకు నోటికి వచ్చు. అందుకే దేనికైనా ఒక హద్దు తేలితే గాని ఆమె మనసు కుదుటపడదు.

"నోటితో ఒప్పుకోవాలంటారు, మనసారా నమ్మాలంటారు. కనీసం ఎంత తెలిస్తే చాలు? అది చెప్పండి."

"భలేదాన్నే అడిగావు! ఆ పరీక్ష తప్పినదాన్ని నేను" అంది కాజాలమ్మ, తుడిచిన గిన్నెనే మళ్లీ తుడుస్తూ.

ఆమె అసలు పేరు పిలవగా పిలవగా అరిగిపోయింది కాదు, ఎవరూ పిలవక పిలవక మరుగునపడింది. చొక్కాలు కుట్టే కార్ఖానాలో కిటికీ పక్కన కూర్చుని, మిషను తీసిన కాజాల్లో పోగులు లేచినవాటిని చేత్తో సరిచేసేది. అలా కాజాలమ్మ అయింది. తోబుట్టువంటూ ఉన్నది ఒక్క అక్క. ఒక పెళ్లి పిలుపు దగ్గర మాటా మాటా పెరిగింది. "అదే ముందు పలకరించాలి" అని కాజాలమ్మ భీష్మించుకుంది. అక్క మంచాన పడి, ఒక్కసారి వచ్చి కనిపించమని కబురు చేసింది. వెళ్లలేదు. మళ్లీ చేసింది. వెళ్లలేదు. ఆ తర్వాత వచ్చిన కబురు వేరు.

అప్పటినుంచి ఆమెకు ముద్ద దిగలేదు. పక్కన గుండీలు కుట్టే ఆమెను అందరూ పొడుగు వదిన అనేవారు. ఒకరోజు ఆమె దగ్గర కాజాలమ్మ దుఃఖం కట్టలు తెంచుకుంది.

"పోయినదాని కాళ్లు ఎక్కడని పట్టుకోను వదినా?"

"అక్కకు చేసింది దేవుడికి కూడా చేసినట్టే కదే. ఆ తప్పు నెత్తినేసుకుని ఆయన కొడుకు సిలువ మీద చచ్చిపోయాడు. అక్కడితో అయిపోలేదు, లేచాడు. బతికున్నవాణ్ణి ఇప్పుడైనా అడగొచ్చుగా?"

"నా మొహం చూసి క్షమిస్తాడా?"

"నీ మొహం చూసే అయితే ఎప్పుడో తలుపేసుకునేవాడు."

కాజాలమ్మ ఏడుస్తూనే నవ్వింది. ఆ ఆదివారం వదిన వెంట గుడికి వెళ్లింది. బాప్తిస్మం కావాలంటే ప్రశ్నలకు జవాబులు చెప్పాలన్నారు. చదువు అంతంతమాత్రం కాబట్టి వదిన చెబుతుంటే, సూది ఆడిస్తూనే వరస తప్పకుండా బట్టీ పట్టింది. మొదటి ప్రశ్న నీ పేరేమిటని. తీరా ఆ రోజు, పేరు తెలిసిందే కదా అని పాస్టరు అయ్యగారు దాన్ని వదిలేసి రెండోదానితో మొదలుపెట్టారు.

"దేవుని ఎదుట నీవు ఎవరవు?"

కాజాలమ్మ తన పేరు చెప్పింది.

"నీ పాపముల కొరకు ఎవరు చనిపోయిరి?"

"పాపినండి, నేనే."

"చనిపోయి ఆయన ఏమి చేసెను?"

"యేసుప్రభువండి."

గుడి గుడంతా గొల్లున నవ్వింది. ఆమె మళ్లీ ఆ పరీక్ష పేరెత్తలేదు. గుడి మాత్రం మానలేదు. చివరి బెంచీలో కూర్చునేది. ప్రభువు బల్ల రోజున, బాప్తిస్మం పొందినవాళ్లు మాత్రమే తినే రొట్టె పళ్లెం వరస వెంట వచ్చేది. దాన్ని రెండు చేతులతో అందుకుని పక్కామెకు ఇచ్చేసేది. ఆ కాసేపే అది ఆమె చేతుల్లో ఉండేది. రొట్టె ముక్కలు కళ్ల ముందే, వేలెడు దూరంలో. పళ్లెం వెళ్లిపోయాక ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని, దాన్ని అందుకున్న ప్రతి చేతినీ కళ్లతో సాగనంపేది. అలా ఎన్ని నెలలు గడిచాయో ఆమే లెక్కపెట్టుకోలేదు.

ఒక మధ్యాహ్నం అయ్యగారే ఇంటికి వచ్చారు.

"మళ్లీ ప్రశ్నలైతే నాకు రావండీ" అంది గుమ్మంలోనే.

"రానివి వదిలేయండమ్మా. గుడికి ఎందుకొస్తున్నారు?"

"ఎక్కడికి పోనండీ మరి? మా అక్కను ఏడిపించి చంపుకున్నాను. ఆ మచ్చ నేను కడుక్కుంటే పోయేది కాదు. దాని కోసం ఆయన చచ్చిపోయాడన్నారు. లేచాడన్నారు, అందుకని రోజూ అడుగుతున్నాను. ఉంచుకుంటే ఆయనే ఉంచుకోవాలి. ఇంకెవరున్నారు నాకు?"

 "ప్రశ్నలన్నీ అయిపోయాయమ్మా, ఇక బాప్తిస్మానికి రండి" అన్నారు అయ్యగారు.

కోడలు అంతా విని, "అంటే ఆ నాలుగు సంగతులూ తెలియాలన్నమాటేగా" అంది. హద్దు దొరికినట్టే దొరికి మళ్లీ చేజారింది. "తను తప్పు చేశానని, ఆయన తన కోసం చనిపోయాడని, లేచాడని, ఆయన్నే నమ్ముకోవాలని. వీడికి అవి తెలిశాయో లేదో నాకెలా తెలుస్తుంది?"

"తెలీదే. నాకూ తెలీదు. తెలిసినట్టు అబద్ధం చెప్పలేను." కాజాలమ్మ చేతిలో గిన్నె కింద పెట్టింది. "నాకు మాత్రం ఆశ లేదనుకున్నావా? వాడు నాయనమ్మా అని పిలిచినట్టు కలలొస్తాయి. ఉలిక్కిపడి లేచి వాడి వైపు చెవి పెట్టుకుని కూర్చుంటా. కానీ చెప్పలేని నన్ను విన్నవాడు, వీణ్ణి వినలేడని మాత్రం అనుకోలేను."

మంచం కింద చిన్న అలికిడి. పిల్లవాడు బయటికి రాలేదు. కోడలు చెయ్యి బొమ్మల పెట్టె వైపు వెళ్లింది. అత్తగారు ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ పూట ఆమె చెప్పిందే ఇప్పటికీ ఆ తల్లి పాటిస్తోంది. పిల్లవాడు పలికినా, పలకకపోయినా.

"వాణ్ణి అడగడం మానెయ్ అమ్మాయ్. నువ్వు చెప్పు. నువ్వేం తప్పు చేశావో, నీ కోసం ఆయనేం చేశాడో, నీ సంగతి వాడి పక్కన కూర్చుని వాడికి చెప్పు. చెప్పి, జవాబు కోసం వాడి మొహంలోకి చూడకు. వాణ్ణి దగ్గరికి తీసుకో, అంతే."