ఒక చలివేంద్రం, ఎనిమిది మంది ముఖ్య అతిథులు

ఊరికి మేలు చేయబోయి తిట్లు తిన్నవాళ్ళు చాలామందే ఉంటారు. ఎనిమిది మంది పెద్దల చేత, అదీ ఇస్త్రీ బట్టల్లో వచ్చినవాళ్ళ చేత, నడిరోడ్డు మీద తిట్టించుకున్న ఘనత మాత్రం నాదే. చెబుతాను, కాస్త జరిగి కూర్చోండి.

అప్పటికి నాకు పెళ్ళి కాలేదు, బుద్ధీ రాలేదు. రెండోది ఇప్పటికీ పెండింగులోనే ఉందని మా ఆవిడ అభిప్రాయం. గుణదలలో మా ఇంటి దగ్గరి బస్టాపులో చలివేంద్రం పెట్టాలని నాకు బుద్ధి పుట్టింది. బెజవాడ ఎండల సంగతి మీకు చెప్పేదేముంది, మే నెలలో బస్సు కోసం నిలబడ్డ మనిషి అప్పడంలా వేగిపోతాడు. బస్టాపు పక్కనే టైర్ల షాపున్న ఖాదర్ గారిని వరండా అడిగాను.

"ఇస్తాలే బాబూ," అన్నారాయన. "పోయినేడు కూడా కుర్రాళ్ళు ఇలాగే వచ్చారు. రిబ్బను కోశారు, ఫొటోలు దిగారు, మర్నాటి నుంచి పత్తా లేరు. ఎండిపోయిన కుండలు చూసి జనం నన్ను తిట్టిపోశారు. ఒక్కరోజు కుండ ఖాళీగా కనపడిందా, నా వరండాలో నా టైర్లు పెట్టుకుంటా."

నాకేమో పగలు ఆఫీసు. నా స్నేహితులదీ అదే కథ. రోజంతా కూర్చుని నీళ్ళు పోయాలంటే రిటైరైన పెద్దవాళ్ళే దిక్కు. కానీ నీళ్ళు పోయడానికి రమ్మంటే ఎవరొస్తారు? కాస్త గౌరవంగా పిలవాలి. అదిగో, అక్కడ పనిచేసింది నా తెలివి.

ముందుగా రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్ రత్నకుమారి టీచర్ గారింటికి వెళ్ళాను.

"ఆదివారం చలివేంద్రం ప్రారంభిస్తున్నామండీ. మీరే ముఖ్య అతిథి."

"నేనెందుకురా శీనూ, ఇంకెవరూ దొరకలేదా?" అంటూనే ఆవిడ పట్టుచీర కోసం బీరువా వైపు చూశారు.

మంత్రం పారింది. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన సుబ్బారావు గారింట్లోనూ అదే మంత్రం వేశాను. ఆ తర్వాత ఇంకో ఆరిళ్ళలో కూడా. ఒకసారి వస్తే చాలు, పని సంగతి అక్కడే మెల్లగా చెప్పొచ్చనుకున్నాను.

ఆదివారం అందరూ వచ్చారు. అందరూ అందలమెక్కితే మోసేవాళ్ళెవరని సామెత. మా దగ్గర అందలం కూడా లేదు, ఉన్నది ఒక్కటే ప్లాస్టిక్ కుర్చీ. టీచర్ గారు వచ్చీ రాగానే అందులో కూర్చున్నారు.

"టీచర్ గారూ, అది ముఖ్య అతిథి కుర్చీ అండీ," అన్నారు సుబ్బారావు గారు.

"తెలుసండీ. అందుకేగా కూర్చున్నాను."

"ముఖ్య అతిథిని నేనండీ."

"ఎవరు చెప్పారు?"

"శీను చెప్పాడు."

"నాకూ శీనే చెప్పాడు," అని వెనక నుంచి మరో ఆరు గొంతులు. నేను టైరు మీద కంపెనీ పేరు శ్రద్ధగా చదువుతున్నాను.

"ఒరే, ఇటు చూడు. ముఖ్య అతిథులు ఎనిమిది మందైతే నీళ్ళు పోసేదెవర్రా?" అన్నారు టీచర్ గారు.

"అదే... ఆ విషయం మాట్లాడదామనే పిలిచానండీ."

ఆ తర్వాత నాకు పడ్డ అక్షింతలు ఇక్కడ రాస్తే బాగుండదు. అంత కోపంలోనూ కత్తెర మాత్రం ఎవరూ వదల్లేదు. ఈలోగా హనుమాన్ జంక్షన్ బస్సు దిగిన ఒకావిడ గంప దించి రిబ్బను కింద నుంచి దూరింది. "కోసుకునేదేదో తర్వాత కోసుకోండి, ముందు నన్ను కాసిని నీళ్ళు తాగనివ్వండి," అంటూ కుండ మూత తీసింది.

ఖాదర్ గారికి ఓపిక అయిపోయింది. "రిబ్బను ఎవరు కోస్తే వాళ్ళే సాయంత్రం దాకా కుండ దగ్గర కూర్చోవాలి. లేదంటే ఇప్పుడే టైర్లు దింపేస్తా."

దాంతో కత్తెరకు దిక్కు లేకుండా పోయింది.

"మీరు పెద్దవారు, మీరే కానివ్వండి."

"అబ్బెబ్బే, మీ ముందు నేనెంత."

నీళ్ళు తాగుతున్న ఆ గంప ఆవిడని టీచర్ గారు కాసేపు చూశారు. "ఇలా తే," అని కత్తెర లాక్కుని రిబ్బను కోసి, పట్టుచీర కొంగు బొడ్లో దోపారు. సాయంత్రం దాకా పోశారు. పిల్లలొస్తే ఎక్కాలు అడిగి మరీ పోశారు. వెళ్ళేటప్పుడు, "చాన్నాళ్ళకి కడుపునిండా మాట్లాడాన్రా," అన్నారు. నిజం చెప్పొద్దూ, నాకు కళ్ళు చెమర్చాయి.

మర్నాడు పొద్దున్నే సుబ్బారావు గారు సొంత రిబ్బనుతో వచ్చారు. "ఆవిడకి కట్టావు, నాకు కట్టవా?"

కట్టాను. ఆ రోజు నుంచి మా చలివేంద్రానికి ప్రతిరోజూ ప్రారంభోత్సవమే. ప్రతిరోజూ నా స్వాగతోపన్యాసం, ప్రతిరోజూ ఆఫీసులో చీవాట్లు. కుండ ఒక్కపూట కూడా ఖాళీ కాలేదు. సంగతి తెలిసి పక్క వీధుల పెద్దలు కూడా తమ వంతు ఎప్పుడని అడగసాగారు. వానలు పడ్డాయి, వంతులు మాత్రం తరగలేదు.

చివరికి ఖాదర్ గారే వచ్చి నా చేతులు పట్టుకున్నారు. "బాబూ, నీకు పుణ్యముంటుంది, ఇంక మూసెయ్యి. నా టైర్లు బయట తడిసిపోతున్నాయి."

"మూసేద్దామండీ. ఇంకా నలుగురు ముఖ్య అతిథులు మిగిలారు."

ఆ నలుగురిలో ఆఖరాయన జోరువానలో గొడుగు కింద రిబ్బను కోసి, తడిసి ముద్దయి బస్సు దిగిన మనిషికి గ్లాసు అందించి, "ఎంత దాహమేసిందో పాపం, తాగు నాయనా," అన్నారు. ఆ మనిషి ఒకసారి ఆకాశం వైపు, ఒకసారి నా వైపు చూసి, పెద్దాయన మాట తీసెయ్యలేక తాగేశాడు.

కృష్ణమ్మ సాక్షిగా ఆ వానలోనే ఒట్టేసుకున్నాను. పెద్దవాళ్ళతో పని పడితే పని ఉందనే చెబుతాను గానీ, ఈ జన్మలో ఇంకెవరినీ ముఖ్య అతిథీ అని పిలవను. పిలిస్తే రారేమోనని భయపడ్డాను గానీ, వస్తే వెళ్ళరని నాకేం తెలుసు?