మా ఆయన తిట్ల ఫైలు

మా ఆయన రవీంద్రనాథ్‌కి దేవుడి మీద నమ్మకం తక్కువ, మనుషుల మీద అంతకన్నా తక్కువ, ఇంకొకడు రాసిన సాఫ్ట్‌వేర్ మీద అసలే లేదు. పదకొండేళ్ళుగా ప్రోగ్రామరు. కరోనా వచ్చి ఆఫీసు మూసి, ఆయన్ని మ్యూనిక్ శివార్లలోని మా రెండు గదుల ఇంట్లోకి తోసేసిన రోజునుంచి ఆ కడుపుమంటంతా ఒక ఫైల్లో రాయడం మొదలుపెట్టాడు.

అందులో మూడు గళ్ళు: వస్తువు, లోపం, పరిష్కారం. వాషింగ్ మెషీన్: బట్టలుతకడానికి పాస్‌వర్డ్ అడుగుతుంది. రోబో చీపురు: సోఫా కింద దూరి ఏడుస్తుంది. మీటింగ్ యాప్: మ్యూట్ బటన్ దాచిపెట్టిన వెధవ ఎవడో తెలియాలి. పరిష్కారం గడిలో మాత్రం ఆయన రాసేవి రెండే. ఒకటి, ఆపి మళ్ళీ ఆన్ చెయ్యి. రెండు, తీసేసి వేరేది తెచ్చుకో. కిటా, అదే చంటిపిల్లల బడి, మూతబడి ఇంట్లో ఉన్న మా పాప ఈషా జర్మన్ పాటలకు బదులు ఆ తిట్లు నేర్చుకుంది.

నేను భానుమతిని. కాకినాడలో మైక్రోబయాలజీ చదివాను. పెళ్ళయి వచ్చాక ఐదేళ్ళు వంటా పిల్లా చూసుకుంటే, 2021 మార్చిలో గార్చింగ్‌లోని ఒక ల్యాబులో ఉద్యోగం వచ్చింది. ఒక్కటే షరతు. నా రెసిడెన్స్ కార్డు గడువు మేలో అయిపోతోంది. ఏప్రిల్ పదిహేనులోగా, దాన్ని పొడిగించడానికి వీసా ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, దొరికిందన్న కాగితమైనా చూపించాలి. లేకపోతే ఆ ఉద్యోగం జాబితాలో నా తర్వాతి మనిషికి పోతుంది.

ఆ ఆఫీసు తలుపులు మూసేశారు, టెర్మిన్లు ఆన్‌లైన్లోనే. పొద్దున ఏడింటికి కనిపిస్తాయి, టీ మరిగేలోపు మాయమవుతాయి. ఒక ఉత్తరం రాసి ఆఫీసు పెట్టెలో వేస్తానన్నాను. ఆయన నవ్వాడు. ఇంట్లో ప్రోగ్రామరుండగా ఉత్తరం రాయడం తనకి నామోషీ అట.

రెండు రోజులు కూర్చుని ఒక ప్రోగ్రాం రాశాడు. అది నిమిషానికోసారి సైటు చూస్తుంది. ఖాళీ కనిపించగానే పేరూ పాస్‌పోర్టు నంబరూ మెయిలూ తనే నింపి బుక్ చేస్తుంది. ఉన్నమాట చెప్పాలి, బాగా రాశాడు. ఆ పూట ఆయన మీద ప్రేమ కూడా కలిగింది.

అక్కడితో ఆగితే మా ఆయన ఎందుకవుతాడు? మాకు టెర్మిన్ దొరక్కముందే దాన్ని మా చుట్టుపక్కల తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. మనవాళ్ళకి కరివేపాకు దొరికినా ముందు గ్రూపులో పడాలి కదా. అక్కడ మాస్టర్స్ చదువుతున్న అఖిలేష్ "మీరు దేవుడన్నా" అని రాశాడు. వెనకాలే దండాల బొమ్మలు. బయట పల్లకీల మోత మొదలైంది, ఆయన ఇక ఫోను కింద పెట్టలేదు.

మర్నాడు ఏడు దాటి రెండు నిమిషాలకి నా మెయిలు మోగింది. టెర్మిన్ ఖాయం. వెంటనే ల్యాబుకి పంపేశాను. మళ్ళీ మోగింది. ఇంకో టెర్మిన్, అదీ నా పేరు మీదే. ఆయన స్నానం చేసి వచ్చేసరికి ఇరవై మూడయ్యాయి.

పరీక్ష కోసం ప్రోగ్రాంలో నా పేరూ పాస్‌పోర్టు నంబరూ మెయిలూ పెట్టుకున్నాడు, వాటిని తీయకుండానే గ్రూపులోకి వదిలాడు. ఎవరి వివరాలు వాళ్ళు పెట్టుకోమని మొదటి వరసలోనే రాశానంటాడు. గ్రూపులో వచ్చిందాన్ని మొదటి వరస చదివి తెరిచే తెలుగువాణ్ణి నేనింతవరకు చూడలేదు. ఇరవైమంది పైగా లేచి కూర్చుని, తమకనుకుంటూ నాకు టెర్మిన్లు తీశారు.

తొమ్మిదింటికి ఇంకో మెయిలు వచ్చింది. ఒకే పేరుతో ఇన్ని బుకింగులు దుర్వినియోగమనీ, అన్నీ రద్దనీ, ఆరు వారాలు ఈ పేరుతో ఆన్‌లైన్లో బుకింగ్ కుదరదనీ. అది యంత్రం పంపిన మెయిలు, బతిమాలుకోవడానికి అవతల మనిషి లేడు. ల్యాబుకి పంపిన కాగితం చెల్లదని నేనే సిగ్గుపడుతూ రాసుకున్నాను.

ఆ రోజే ఉత్తరం రాసి, నడిచి వెళ్ళి ఆఫీసు పెట్టెలో వేశాను. మూడు వారాలకి జవాబు వచ్చింది, తేదీతో, టైంతో, ఒక మనిషి సంతకంతో. అప్పటికి ఏప్రిల్ పందొమ్మిది. ల్యాబులో వేరే ఆవిడ చేరిపోయింది. సింకు దగ్గర నిలబడి ఏడ్చాను. ఆయన కాఫీ కలిపి ఇచ్చాడు, తప్పు నాదన్న మాట మాత్రం ఆయన నోట రాలేదు.

మధ్యాహ్నం ఆయన మీటింగ్‌లో ఉండగా ఆ ఫైలు తెరిచాను. వస్తువు: టెర్మిన్ ప్రోగ్రాం. లోపం: వాడేవాళ్ళకి చదవడం రాదు.

గురివింద గింజ నయం. నాకు ఒళ్ళు మండిపోయింది. దాని కిందే నేనూ ఒక వరస చేర్చాను. వస్తువు: రవీంద్రనాథ్. లోపం: ఎవరైనా పొగిడితే ఇంట్లోవాళ్ళు గుర్తుండరు. పరిష్కారం దగ్గర ఆగాను. ఆపి మళ్ళీ ఆన్ చెయ్యడమా, తీసేసి వేరేది తెచ్చుకోవడమా అని ఆయన రాసే ఆ రెండింటి గురించీ చాలాసేపు ఆలోచించి, గడి ఖాళీగా వదిలేశాను.

సాయంత్రం చదివినట్టున్నాడు. వంటింటి గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు.

"ఆ గడిలో ఏం రాద్దామని?" అన్నాడు.

"రెండోదే చేతిదాకా వచ్చిందండీ," అన్నాను. "ఇంకా ఆలోచిస్తున్నాను."