మామ విత్తనాలూ నా ప్లాస్టిక్ షెడ్డూ

తమ కొంప తామే ముంచుకున్న మనుషుల్ని మీరు బోలెడంతమందిని చూసి ఉంటారు. పిల్లనిచ్చిన మామ పంట ముంచబోయి, ఆ సంగతి పుంగనూరు వీధుల్లో తానే చాటింపు వేసుకున్న అల్లుణ్ణి చూశారా? లేదా? అయితే రండి, నేనే.

ఎనభైల్లో మాట. కుప్పంలో గుమాస్తా ఉద్యోగం, కొత్త పెళ్ళి, బుర్రలో కన్నా నాలుక మీద ఎక్కువ తెలివి. అత్తవారిది పుంగనూరు. మా మామ చెంగప్ప పెరట్లో వేప పలకలతో ఒక కొయ్య షెడ్డు కట్టుకున్నాడు. ఏటా ఎండాకాలంలో దానికి లారీల పాత ఆయిలు పూసేవాడు, చెదలు తిన్న పలక పీకి కొత్తది కొట్టేవాడు. విత్తనాల వేరుశనగ మూటలు అందులోనే ఉండేవి. అవి పాడైతే ఆ ఏడు చేను బీడే.

ఆ ఆయిలు కంపు నాకు గిట్టలేదు. మదనపల్లెలో ఒక సాయిబు అంగట్లో నీలం రంగు ప్లాస్టిక్ షెడ్డు కనపడింది. నాలుగు గొట్టాలు, వాటి మీద మందపాటి షీటు, అంతే.

"ఎన్నాళ్ళు నిలుస్తుంది భాయ్?"

"చెద పట్టదు సాబ్, ఆయిలు అడగదు. కానీ గాలికి మాత్రం..."

మిగతాది వినడానికి నేనుంటేగా! కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త అల్లుడు గాలిని కూడా ఎరగడు.

పెరట్లో దాన్ని నిలబెడితే మామ చుట్టూ తిరిగి చూశాడు. "యాలప్పా ఇది? పాతది బాగానే ఉండాది కదా."

"కొయ్యకు ఏటేటా సేవ చెయ్యాలి మామా. దీన్ని కట్టి మరిచిపోవచ్చు. మన మనవళ్ళ దాకా ఉంటుంది."

మామ ఒక గొట్టాన్ని వేలితో కదిపాడు. షెడ్డంతా ఊగింది. "శానా తేలిగ్గా ఉండాదే!"

"దాని గొప్పే అది!"

కొత్త అల్లుడి మాట కాదనడం మా వైపు పెద్ద తప్పు. అల్లుడు చారులో చక్కెర వెయ్యమన్నా వేసుకుని, భలే ఉందని తాగాల్సిందే. నా భార్య సరోజ ఏదో అనబోతే మామ కంటితోనే ఆపేశాడు. "సరేలేప్పా, మూటలు ఇందులోకి మారుస్తాను" అన్నాడు. నేను కుప్పం వెళ్ళి, ప్లాస్టిక్ మహిమ మీద ఆఫీసులో ఉపన్యాసాలు దంచాను.

తొలకరికి ముందు ఒక ఆదివారం నేను పుంగనూరులో ఉండగా గాలి లేచింది. షెడ్డు ముందు పూరీలా పొంగింది. ఆ తర్వాత నాలుగు గొట్టాలూ పెరుక్కుని పక్కింటి గోడ దాటేసింది. లోపలి మూటలు వీధిలోకి దొర్లాయి.

"విత్తనాలు! మామ విత్తనాలు!" అని అరుస్తూ పరుగెత్తాను.

ఆపదలో మనిషికి ఏనుగు బలం వస్తుందంటారు. ఎంత నిజమో! వేరుశనగ మూటలు చంకకొకటి ఇరికించుకుని, మూడోది నెత్తిన పెట్టుకుని ఉరికాను. నా బలానికి నాకే ముచ్చటేసింది.

"ఏమప్పా, ఏమాయె?" అని అంగళ్ళ వాళ్ళు బయటికొచ్చారు.

"మా మామ పంటంతా పోయింది! నేనే పోగొట్టాను!" అని వీధివీధికీ చెప్పుకున్నాను.

ఇంటికొచ్చి మూట విప్పితే ఉత్త పొట్టు. పురుగు గింజలన్నీ తినేసిందనుకున్నాను. మామ కాళ్ళ మీద పడ్డాను. "నీ చేను బీడు చేసేశాను మామా!"

"లెయ్యప్పా, లెయ్, ఇట్లా రా" అని మామ కొయ్య షెడ్డు తలుపు తీశాడు. విత్తనం మూటలు చెక్కుచెదరకుండా కూర్చుని ఉన్నాయి.

"నువ్వు కుప్పం బస్సెక్కిన పొద్దే మళ్ళీ ఈడికి మార్చేసినాను."

"మరి ఆ పొట్టు మూటలు ఎందుకు మామా?"

మామ నేల చూపులు చూశాడు, తప్పు తనదైనట్టు. "నువ్వొచ్చి సూసినప్పుడు నీ షెడ్డు ఖాళీగా ఉంటే మనసు నొచ్చుకుంటావు కదప్పా."

నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. నా పరువు కోసం ఆ పెద్దమనిషి మూటలు మూటలుగా పొట్టు నింపి కుట్టాడు. అంత ప్రేమ నాకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు.

ఆనాడే ఆ కొయ్య షెడ్డు మీద చెయ్యేసి ప్రమాణం చేశాను: నా సలహాకు పెద్దవాళ్ళెవరైనా ఎదురు చెప్పకుండా తలూపితే, ఆ సలహాను అక్కడికక్కడే వెనక్కి తీసుకుంటాను. తీసుకుని, వాళ్ళ మూటలు ఒకసారి ఎత్తి చూస్తాను.