చికోరీ మడిలో మంద

మా ఊళ్లో చికోరీ మడి గొర్రెల కాపరి వల్లే నాశనమైందని ఇప్పటికీ అనుకుంటారు. ఆ మాట పుట్టించింది నేనే. అది అబద్ధం.

కోవూరుకు తూర్పున, సముద్రం వైపు మాకు అరెకరం ఇసుక నేల ఉంది. వరికి పనికిరాదు. మేత కోసం అందులో చికోరీ చల్లాను. కాఫీపొడిలో కలిపేది దాని వేరు. పశువులకు ఆకు మేపుతారు. వెడల్పాటి ఆకులు నేలకు అతుక్కుని గుబురుగా వచ్చాయి. కోతలయ్యాక ఏటా మా మడుల్లో ఎరువు కోసం మంద నిలిపే కాపరి వాటిని చూసి నవ్వాడు.

"ఏందన్నా, జీవాలకి కాఫీ అలవాటు చేస్తా ఉండావా? రేపు టిఫిను గూడా అడగతాయి."

ఆకు తుంచి నమిలి, చేదుకు మొహం చిట్లించాడు. గొర్రెలు మాత్రం తల ఎత్తకుండా మేశాయి. ఒక్క పూట మేపి బయటికి తోలేశాడు.

"మొదలు మిగిలితేనే మళ్లా చిగురేస్తాది. నెల దాకా ఇటు తోలను."

నాకు ఆశ పుట్టింది. కోసిన వరి మడిలో లాగే మూడు రోజులు మంద నిలపమన్నాను. మేతకు మేత, ఎరువుకు ఎరువు అనుకున్నాను.

"ఇది వరి దుబ్బు కాదన్నా, బతికుండే మొక్క."

మడి నాది, చెప్పినట్టు చెయ్యమన్నాను. చేశాడు. మూడో రోజుకు గొర్రెలు మొదళ్లు కొరికేసి, ఇసుక గీరి వేళ్లు కూడా తినేశాయి. మళ్లీ ఒక్క ఆకు రాలేదు.

టీ కొట్టు దగ్గర అందరూ అడిగితే, "నేను లేనప్పుడు తోలేసినాడు" అన్నాను. అతను అక్కడే గ్లాసు పట్టుకుని ఉన్నాడు. నా వైపు చూశాడు, గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. మరుసటి ఏడు అతణ్ణి ఎవరూ పొలానికి పిలవలేదు. గొర్రెలు అమ్మేసి తడ దగ్గర ఫ్యాక్టరీలో గేటు కాపలాకు చేరాడు.

ఇప్పుడు కోతలయ్యాక మా మడులు ఊరికే పడి ఉంటాయి. ఇదివరకైతే తెల్లారేసరికి తడి మట్టిలో ఆ గొర్రెల వాసన, గొర్రెపిల్లల అరుపులు, వాటిని పిలవడానికి అతను నాలుకతో చేసే చప్పుడు... గట్టు మీద నిలబడి ఆ చప్పుళ్ల కోసం చెవి ఒగ్గిన రోజులు చాలానే ఉన్నాయి.

పోయిన నెల తడ వెళ్లి తప్పు ఒప్పుకున్నాను. అతను తన కుర్చీలో నన్ను కూచోబెట్టి, తాను నిలబడే విన్నాడు.

"నాకు తెలిసిందే నాకు చెప్తావేందన్నా? ఊళ్లో చెప్పు."

తిరిగొచ్చి అదే టీ కొట్టులో చెప్పాను. "ఎప్పటిదో, ఇప్పుడెందుకులే అన్నా" అన్నారు.

ఆ రోజు అక్కడ లేనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మంద నిలపొద్దని అతనన్నాడు. నిలపమన్నది నేను.