నిచ్చెన పట్టుకున్న అత్త

మొన్న పొద్దున నేను షట్టర్ పూర్తిగా ఎత్తకముందే మా బావ కింది నుంచి వంగి లోపలికి దూరాడు. బావ అంటే మా ఆయనకు అన్న, ఇంటికి పెద్ద. బోధన్‌లో బోర్డులు, కార్డులు, ఫ్లెక్సీలు తయారుచేసే ఈ దుకాణాన్ని నేను పెట్టిన నాటి నుంచీ మూయించాలని చూస్తున్న మనిషి. ఆ ఓపికను మెచ్చుకోవాల్సిందే. మా అత్త ఏడాదిమాసికం దగ్గరపడింది, చౌరస్తాలో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టాలి. దానికి బొమ్మను ఫోనే తయారుచేసి ఇచ్చిందట, చాయ్ చల్లారేలోపు. “సూడు ఎంత సక్కగ చేసిందో. ఇగ నీ పని అయిపోయిందమ్మా. ఈ షట్టర్ మొబైల్ దుకాణపోళ్లకు కిరాయికిద్దాం” అన్నాడు.

చూశాను. తెల్లగా, నున్నగా, టీవీ సీరియల్‌లో జమీందారు భార్య వేషం వేసినావిడలా ఎవరో నవ్వుతోంది. మా అత్త నుదుటి మీద, గడ్డం మీద ఉండే పచ్చబొట్టు చుక్కలు లేవు. పాపం ఫోన్‌కు అవి మరకల్లా కనిపించినట్టున్నాయి, శుభ్రంగా తుడిచేసింది. “ఎవలు బావా గీమె?” అని అడిగాను. ఆయన ఫోన్‌ను నా ముఖం దగ్గరికి ఇంకా జరిపాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

అయిపోయిందట! ఈ మాట నాకు కొత్తా? నేను బ్రష్ పట్టిన నాటి నుంచీ వింటూనే ఉన్నాను. నిజామాబాద్ నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో మా ఇంటి పక్కనే ఒక చాచా బోర్డులు రాసేవాడు. ఉర్దూ, తెలుగు రెండూ ఆయన చేతిలో ముత్యాలే. ఉర్దూ అలవాటు కొద్దీ తెలుగు పేరును కూడా కుడి నుంచి, చివరి అక్షరంతో మొదలుపెట్టి వెనక్కి రాసుకుంటూ వచ్చేవాడు. దుకాణదారు గుండె చేత్తో పట్టుకుని నిలబడేవాడు కానీ, ఆఖరికి అక్షరాలు బోర్డు అంచు దగ్గర ఇరుక్కోకుండా ఠీవిగా కూర్చునేవి. నేనూ అట్లాగే నేర్చుకున్నాను, ఈనాటికీ అట్లాగే రాస్తాను. రాసిన ప్రతిసారీ చాచా నన్ను రోడ్డుకు అవతలి పక్కకు తీసుకెళ్లేవాడు. “బోర్డును సూడకు బేటీ, పోయేటోళ్ల కాళ్లను సూడు. కాళ్లు మెల్లగైతే బోర్డు నిలబడ్డట్టు” అనేవాడు. చెరకు బండ్లు బారులు తీరి చక్కెర ఫ్యాక్టరీకి పోయే కాలం అది. బండి మీద కూర్చున్న రైతు మెడ తిప్పి చూస్తే చాచా మీసం కింద నవ్వేవాడు.

చాచాకు మోకాళ్లు పట్టేసిన ఏడాది, మిఠాయి దుకాణం పైన బోర్డు రాయడానికి నిచ్చెన ఎక్కాల్సింది నేనే. బజారులో ఆడమనిషి నిచ్చెన ఎక్కడమా! బావ ఇజ్జత్ అన్నాడు, ఖాందాన్ అన్నాడు, ఇంకా చాలా అన్నాడు. చెరకు తూచే కాంటా దగ్గర పనిచేసే మా ఆయన, అన్నకు ఎదురు చెప్పలేక కాంటాలోనే దాక్కున్నాడు. అప్పుడు మా అత్త, కొంగు నడుముకు చెక్కి, బజారు నడిమధ్యకు వచ్చి నిచ్చెన పట్టుకుంది. “ఎక్కు బిడ్డా. ఎవడేమంటడో నేను కింద సూస్కుంట” అంది. నేను కుడి నుంచి మొదలుపెట్టేసరికి మాత్రం, “గిదేందే, తోక నుంచి రాస్తున్నవ్?” అని కింద నుంచి అరిచింది. బజారంతా నవ్వింది. ఆ నవ్వుతో నా భయం కూడా పోయింది.

తర్వాత స్క్రీన్ ప్రింటింగ్ వచ్చింది, బ్రష్ పని అయిపోయిందన్నారు. నేర్చుకున్నాను. వలస వచ్చి చుట్టుపక్కల క్యాంపుల్లో స్థిరపడ్డ ఆంధ్రా రైతులు పెళ్లికార్డుల కోసం వచ్చి, “ఎరుపు ఇంకాస్త పడాలండీ” అనేవారు. అచ్చు వేసిన కార్డులను అత్త దండెం మీద బట్టలతోపాటు ఆరేసేది. కంప్యూటర్ వచ్చింది, స్క్రీన్ అయిపోయిందన్నారు. నిజామాబాద్ బస్సెక్కి వెళ్లి, నా పిల్లల వయసువాళ్ల పక్కన కూర్చుని మౌస్ పట్టడం నేర్చుకున్నాను. కంప్యూటర్ ఇంటికి వచ్చిన రోజు అత్త కొబ్బరికాయ కొట్టి, తెర నడిమధ్యన ఇంత కుంకుమ బొట్టు పెట్టింది. తుడిస్తే ఊరుకోదు. మొదటి పెళ్లికార్డును ఆ బొట్టు చుట్టూ సర్దుకుంటూ చేశాను. ఫ్యాక్టరీ మూతపడింది, చెరకు బండ్లు ఆగిపోయాయి, మా ఆయన కాంటా పనీ పోయింది. ఆ ఏళ్లలో మా పొయ్యి ఈ దుకాణం మీదే వెలిగింది. ఆ సంగతి బావకు ఎప్పుడూ గుర్తు రాదు. ఆ తర్వాత ఫ్లెక్సీ వచ్చింది. మా అత్త పాత ఫ్లెక్సీలన్నీ పోగుచేసి డాబా మీద పరిచి పసుపు కొమ్ములు ఎండబెట్టేది. పెద్ద పెద్ద నాయకుల ముఖాల మీద పసుపు ఆరడం మా ఇంట్లోనే చూడాలి.

ఇన్ని చూసినదాన్ని, ఫోన్ తుడిచేసిన అత్తను అచ్చు వేస్తానా? “ఈ బొమ్మ నా దుకాణం నుంచి పోదు బావా. షట్టర్ కూడా ఎవలకియ్య” అన్నాను. ఆయన విసురుగా వెళ్లిపోయాడు.

నాకు ఫోన్ మీద కోపమేమీ లేదు, రేపు దాన్నీ నేర్చుకుంటాను. కానీ ఈ పని చేతిదే. చాచా వదిలిపోయిన రేకు బోర్డు ఒకటి అటక మీద నుంచి దింపాను. అత్తకు సరైన ఫోటో ఒక్కటీ లేదు. ఎవరి పెళ్లిలోనో పక్కకు చూస్తున్న ముఖం ఒకటుంది, అంతే. ముందు గడ్డం మీది చుక్కలు పెట్టాను. వాటి చుట్టూ గడ్డం గీశాను, గడ్డం మీదికి ముఖం తెచ్చాను. తోక నుంచే. కళ్ల దగ్గరికి వచ్చేసరికి నాకు ఏడుపు ఆగలేదు, ఏడుస్తూనే వేశాను.

ఏడాదిమాసికం నాడు పొద్దున్నే చౌరస్తాలో నిచ్చెన వేసి నేనే ఎక్కాను. కింద పట్టుకునే మనిషి లేదు. తీగ ముడి వేస్తూ అలవాటు కొద్దీ రోడ్డు మీది కాళ్లను చూశాను. ఒక బండి మెల్లగా వచ్చి ఆగింది. దిగిన కాళ్లు బోర్డు దాకా వచ్చి, చెప్పులు విడిచాయి. బావ. తల ఎత్తి చాలాసేపు చూశాడు. తల్లిని పిలిచినట్టే “అవ్వ...” అన్నాడు.

తర్వాత చెప్పులు లేని కాళ్లతోనే వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు.

షట్టర్ మాట మళ్లీ రాలేదు. వచ్చినా నేను వినను. కాలం నా దుకాణానికి ఇంకా ఎన్నోసార్లు వస్తుంది, నీ పని అయిపోయిందని చెబుతుంది. రానీ, కూర్చోబెట్టి చాయ్ పోస్తాను. షట్టర్ మాత్రం దించేది నేనే.