జిరాక్సు మిషనుకు ఒక బకెట్ నీళ్లు

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల మీద గట్టి నమ్మకం ఉండేది. ఒకటి, దయ్యాలు లేవు. రెండు, నాకు కరెంటు పని బాగా వచ్చు. ఈ రెండింటినీ ఎమ్మిగనూరులోని ఒక ఆఫీసులో ఉన్న ముసలి జిరాక్సు మిషను ఒకే మధ్యాహ్నంలో కదిలించేసింది. అప్పటికి నేను డిప్లొమా ముగించి, ఆదోనిలో జిరాక్సు మిషన్లు బాగుచేసే భాయ్ అంగడిలో చేరి మూడు నెలలు. నాకు ఒంటరిగా అప్పగించిన మొదటి మిషను అది. రెండుసార్లు పోయి ఊరికే తిరిగొచ్చాను. మూడోసారి బస్సెక్కే ముందు భాయ్ పాన్ నములుతూ చాలా మర్యాదగా, "ఈసారి గూడా అట్లే వస్తే ఇంటికే పో బేటా, అంగడికి రావద్దు" అన్నాడు.

ఆ మిషనును ఏళ్ల తరబడి నడిపినవాడు ఆ ఆఫీసు అటెండరు. చేతిలో స్టీలు క్యారియర్ లేకుండా ఆయన్ను ఎవరూ చూడలేదు కాబట్టి అందరికీ క్యారియర్ తాత. (రిటైరు కావడానికి ఇంకా ఏడాది ఉంది గానీ, తల ముందే నెరిసిపోయింది.) ఆ ఎండాకాలంలో ఉన్నట్టుండి గుండె ఆగి పోయాడు. దినాలు ముగిసిన మర్నాటి నుంచే మిషను తిరగబడింది. ముట్టుకుంటే జివ్వుమని లాగేది. ఎవరూ ముట్టకపోయినా లైట్లు వెలిగి, లోపల ఏదో గర్రుమని తిరిగి ఆగిపోయేది. హెడ్ క్లర్కు మేడం గొంతు తగ్గించి, "ఆయప్పకు తప్ప అది ఎవరికీ పలికేది ల్యా. ఇప్పుడు ఆయప్పే దాంట్లో ఉండాడు. నువ్వు స్క్రూలు ఇప్పితే పోతాడా?" అంది.

నేను నవ్వాను. మొదటిసారి ప్లగ్గూ వైరూ మార్చాను. రెండోసారి లోపలి సప్లయి బోర్డు మార్చాను (బిగించాక రెండు స్క్రూలు మిగిలితే చప్పుడు చేయకుండా జేబులో వేసుకున్నాను). గోడలోంచి పెరట్లోకి పోయే లావుపాటి పచ్చ ఎర్త్ వైరును చూసి, ఇది బాగానే ఉందిలే అనుకుని దాని జోలికి పోలేదు. మూడోసారి మాత్రం నవ్వలేదు. మేడం ఇచ్చిన నిమ్మకాయను ఇన్సులేషన్ టేపుతో మిషను వెనక అంటించాను.

అందరూ భోజనాలకు పోయారు. మిట్టమధ్యాహ్నం, వీధిలో కుక్క కూడా లేదు. టెస్టరు తాకిస్తే మిషను ఒంటి మీద ఎక్కడ పెట్టినా ఎర్రగా వెలుగుతోంది. అంతలో అది తనంతట తానే గర్రుమని ఒక కాగితాన్ని బయటికి తోసింది. తెల్ల కాగితం, వెచ్చగా ఉంది. "తాతా, నా పని పోతాది తాతా" అని పైకే అన్నాను. సరిగ్గా అప్పుడే వెనక వరండాలో క్యారియర్ గిన్నెలు ఒక్కొక్కటే విప్పుతున్న చప్పుడు వినిపించింది.

నేను కదల్లేదు. కాసేపటికి గిన్నెలు కడిగిన చప్పుడు, తర్వాత నేల మీద నీళ్లు కుమ్మరించిన చప్పుడు. ఏం చేయాలో తోచక మళ్లీ టెస్టరు పెట్టాను. వెలగలేదు. చేతి వెనకవైపు ఆనించి చూశాను. జివ్వుమనలేదు. షాకు కొట్టినప్పుడు కూడా అంత భయపడలేదు నేను! వరండాలోకి పరుగెత్తితే, కొంగు కప్పుకున్న ఒకామె క్యారియర్ తుడుస్తూ కనిపించింది.

"ఎవరమ్మా?" అన్నాను, అన్నాననే అనుకుంటున్నాను.

"ఈడ అటెండరుగా ఉండె గదా, నేను ఆయన పెండ్లామునప్పా. పింఛను కాగితాలు జిరాక్సు తీపిచ్చుకుందామని వచ్చినా. అందరూ తినేకి పోయినారంటే, ఆయన కూసునే తావునే నేనూ రెండు ముద్దలు తిన్యా."

"మరి ఆ నీళ్లు?"

"ఈడ దుమ్ము లేస్తాదని ఆయన దినామూ క్యారియర్ కడిగి, బకెట్ నీళ్లు పోస్తాండె. నేనూ పోసినా."

వరండా అంచున పెరట్లో తడిసిన నేలను చూశాను. గోడ దిగిన పచ్చ వైరు సరిగ్గా ఆ తడిలోకే దిగింది. అది ఎర్త్ గుంత! మిషనులో కారే కరెంటు ఆ వైరు వెంట భూమిలోకి పోవాలి. పోవాలంటే మట్టి తడిగా ఉండాలి. ఆయన పోయాక నీళ్లు పోసేవాళ్లు లేక, మన ఎండలకు దినాలు ముగిసేలోగా గుంత ఎండిపోయి, కరెంటంతా మిషను ఒంట్లోనే నిలిచి దాన్ని తనంతట తానే తిరిగేలా చేసింది. కరెంటుకూ ఆ పచ్చ వైరుకూ మధ్య టెస్ట్ బల్బు కలిపితే ధగధగా వెలిగింది, ఎర్త్ మళ్లీ పనిచేస్తోందన్నమాట. నేను ఛాతీ విరుచుకుని ఆమెకు చెప్పాను: "అమ్మా, దయ్యం గియ్యం ఏమీ లేదు. ఆయన పోసిన నీళ్లతోనే ఇది నడుస్తాండె."

ఆమె తడి నేలనే చూస్తూ, "అదే గదప్పా అందరూ సెప్పేది, ఆయన ల్యాక అది నడవల్యాదని" అంది.

ఆమె కాగితాలు ఒక్క మచ్చ లేకుండా తీసిచ్చాను. తీస్తుంటే ఎందుకో కళ్లు చెమర్చాయి.

నా పని నిలిచింది. రోజూ నీళ్లు పోయమని మేడంకు వివరంగా చెప్పాను. ఆమె పోయించింది, ప్రతి అమావాస్యకూ నిమ్మకాయ కూడా మార్పించింది. ఇప్పుడు నాకు సొంత అంగడి ఉంది. ఏ ఆఫీసుకు పోయినా స్క్రూడ్రైవరు తీయకముందే ఒక బకెట్ నీళ్లు అడుగుతాను. ఏదో శాంతి చేస్తున్నాడని వాళ్లు చెప్పులు విడిచి నిలబడతారు. నేనూ కాదనను. ఎర్త్ గుంతలో పోసేటప్పుడు లోపల "తాతా" అనుకుంటాను కూడా. ఆ డిప్లొమా కుర్రవాడు చూస్తే పగలబడి నవ్వుతాడు. నవ్వనీ, వాడి జేబులో ఇంకా రెండు స్క్రూలు ఉన్నాయి.