మళ్లీ అదే ఇంజను

ఇళ్లు మారేవాళ్ల సామాను చేరవేసే పనిలో అతన్ని అందరూ బీరువా అనేవారు. ఇనప బీరువాను తాడుతో వీపుకు కట్టించుకుని, ఇంకొకరి చెయ్యి పడకుండా మెట్లు దింపేవాడు. కాపురానికొచ్చిన కొత్తలో తనను "బీరువా పెళ్లాం" అంటే అతని భార్యకు ఒళ్లు మండేది. పోనుపోను అలవాటైపోయి, "ఆ బీరువా తాళంచెవి నా కొంగునే ఉందిలే" అని తనే నవ్వించేది.

ఆ మనిషి ఇప్పుడు నడుము కింది నుంచి కదల్లేడు. వెనకగదిలో కిటికీ పక్కన మంచం మీద ఉంటాడు. పక్కకు ఒత్తిగిలాలన్నా ఎవరో ఒకరు పట్టుకోవాలి.

అలా చేసింది ఒక బెల్టు. వాళ్లు నడిపిన పికప్ బండి మోడల్‌కు ఇంజనులో టైమింగ్ బెల్టే గండమని డ్రైవర్లందరికీ తెలుసు. సమయానికి మార్చకపోతే చెప్పాపెట్టకుండా తెగుతుంది, ఇంజను అక్కడికక్కడే చచ్చిపోతుంది. కొనేటప్పుడు అతను ఆ సంగతి అడిగాడు కూడా. "మొన్నే కొత్తది వేయించామన్నా" అన్నాడు అమ్మినవాడు. ఇతను నమ్మాడు.

నిండు లోడుతో ఎత్తు ఎక్కుతుండగా అది తెగింది. ఇంజను ఆగడంతో బ్రేకు పెడలు రాయిలా బిగుసుకుని ఎంత తొక్కినా పట్టలేదు, బండి వెనక్కి జారడం మొదలుపెట్టింది. తలుపు తీసుకుని దూకేయొచ్చు. కానీ వెనక సామాను మధ్య బావమరిది ఉన్నాడు. అతను దూకలేదు. ఉన్న బలమంతా పెట్టి స్టీరింగు తిప్పి, బండిని పక్కనున్న ప్రహరీకేసి కొట్టాడు. డ్రైవరు వైపు నుజ్జయింది. బావమరిదికి గీత కూడా పడలేదు.

ఆ రోజు నుంచి ఆ కుర్రవాడు అక్క కళ్లలోకి చూసి మాట్లాడలేదు. అన్నం పెడితే తలవంచుకుని తినేవాడు. బావకు స్నానం చేయించేవాడు, దుప్పట్లు ఉతికేవాడు. ఆమె డ్రైవింగు నేర్చుకుంది. తెలిసిన పని సామాను చేరవేయడం ఒక్కటే కాబట్టి మళ్లీ పాత బండే వెతుక్కోక తప్పలేదు.

పాత బండ్ల షెడ్డుకు అక్కాతమ్ముళ్లు వెళ్లారు. ఆమె ఫోను స్పీకరులో పెట్టి పట్టుకుంది. అవతల మంచం మీద అతను.

బ్రోకరు ముందుగా నీలం బండి చూపించాడు. పెయింటు తళతళలాడుతోంది. ఇంజను అప్పటికే తిరుగుతోంది.

"బానెట్ మీద చెయ్యి పెట్టు," అన్నాడు ఫోనులో.

"కాలుతోందయ్యా."

"మీరొచ్చేలోపే తిప్పి ఉంచారు. ఆపేయించు. పూర్తిగా చల్లారాక స్టార్ట్ చేయమను."

బ్రోకరు మొహం చిట్లించాడు గానీ ఆపాడు. వాళ్లు నీడలో కూర్చున్నారు. చల్లారాక తాళం తిప్పితే ఇంజను ఎంతసేపో మూలిగి, గుప్పున తెల్లపొగ కక్కుతూ లేచింది.

"ఆపి, ఆయిల్ మూత విప్పు. లోపలివైపు చూడు."

"మీగడ కట్టినట్టుంది. తెల్లగా, జిగటగా."

"నీళ్లు ఆయిల్లో కలుస్తున్నాయి. రెంటినీ వేరుగా ఉంచే హెడ్ గ్యాస్కెట్ పోయింది. వదిలెయ్."

"ఫోనులోనే జబ్బు చెప్పేస్తున్నాడే! ఎవరమ్మా, డాక్టరు గారా?" అన్నాడు బ్రోకరు.

"కాదు, పేషెంటుని," అంది ఫోను.

ఆమెకు నవ్వొచ్చింది. తమ్ముడు మాత్రం నవ్వలేదు. షెడ్డు మూలకు చూస్తున్నాడు. అక్కడ తెల్ల బండి ఉంది. రంగు వేరే, మోడల్ మాత్రం అదే.

"అక్కా, అది వద్దు. ఇంకోచోట చూద్దాం."

"ఏంటది?" అడిగాడు ఫోనులో. "అదేనా?" అన్నాడు మళ్లీ. "స్టార్ట్ చేయించండి."

చల్లటి ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. పొగ లేదు. ఆ చప్పుడు ముగ్గురికీ తెలుసు. తమ్ముడు షెడ్డు బయటికి వెళ్లిపోయాడు. ఆమె ఫోను చెవికి ఆనించుకుంది.

"ఉన్నావా?" అంది ఆమె.

"ఉన్నా. ఇంజను బాగుంది. ఆపేసి, బెల్టు మీది మూత విప్పించు."

"బెల్టు కొత్తదే అన్నారమ్మా నాకిచ్చినవాళ్లు," అన్నాడు బ్రోకరు.

"మాకూ అట్లాగే అన్నారు," అంది ఆమె. "విప్పండి."

విప్పితే బెల్టు నిండా పగుళ్లు. రెండు పళ్లు రాలిపోయి ఉన్నాయి.

"దీన్నే తీసుకో," అన్నాడు అతను. "నీలం బండిలో ఇంకేమేం దాచారో మనకు తెలీదు. దీని జబ్బేంటో తెలుసు. బెల్టు, దాని రోలర్లు, నీళ్ల పంపు అన్నీ ఒకేసారి మార్పించు. అప్పటిదాకా తాళం తిప్పొద్దు, తాడు కట్టి లాక్కెళ్లండి."

"దీంట్లో నేనెట్లా కూర్చుంటానయ్యా?" అంది ఆమె.

"నన్ను పడగొట్టింది బండి కాదే. అబద్ధం."

బండి మెకానిక్ దగ్గర బాగుపడి వచ్చింది, పని మొదలైంది. కానీ ఆమె, తమ్ముడు సామాను దింపడానికి వెళ్లిన రోజుల్లో అతన్ని ఒత్తిగిలించేవాళ్లు లేకపోయారు. వీపు మీద పుండు పడింది. అతను చెప్పలేదు, నీరసంగా ఉందంటూ బావమరిదిని స్నానం చేయించనివ్వలేదు. చెబితే ఆమె పని మానేస్తుందని తెలుసు. దుప్పటి వాసన వచ్చేసరికి జ్వరం ముదిరిపోయింది.

బండి వెనక పరుపు వేసి పడుకోబెట్టారు. తమ్ముడు బావ తల ఒళ్లో పెట్టుకున్నాడు. ఆసుపత్రికి దారి అప్పుడు బెల్టు తెగిన ఆ ఎత్తు మీదుగానే. ఆమె పళ్లు బిగబట్టి ఎక్కించింది. బండి ఎక్కడా తడబడలేదు. వెనక నుంచి అతను, "బాగా లాగుతోందిరా," అన్నాడట. అక్కకు ఆ మాట తమ్ముడు తర్వాత చెప్పాడు. పుండు విషమై రక్తానికెక్కిందన్నారు డాక్టర్లు. వారం తిరక్కుండా పోయాడు.

"బండి అమ్మేద్దామా అక్కా?" అడిగాడు తమ్ముడు.

"అమ్మి ఏం తింటాం?"

ఒక కుటుంబం ఇల్లు మారుతుంటే వెళ్లారు. తమ్ముడు చెక్కబల్ల దింపుతూ మెట్ల మలుపులో కూలబడి, మోకాళ్లలో తలపెట్టుకుని ఏడ్చాడు. ఇంటావిడ గుమ్మంలో నిలబడి ఏమైందో తెలియక చూస్తోంది. కింద బండి పక్కనున్న ఆమె పైకి రాలేదు. ఆ ఏడుపు ఇన్నాళ్లూ రాలేదని ఆమెకు తెలుసు. సద్దుమణిగాక మెట్లెక్కి బల్ల రెండో కొస పట్టుకుంది.

"నెమ్మదిగా. గోడకు తగలనీకు," అంది.